అరవై దాటితే అండ లేదు

మనిషికి తోడు చెడ్డదని మా శాఖకి మొన్న ఆషాఢంలో తెలిసింది. అంతకుముందు ఎవరికీ తెలీదు పాపం. ఇరవై మూడేళ్లుగా ఈ జిల్లా ఆఫీసులో పనిచేస్తున్నాను. తోడు లేనివాళ్లకి తోడివ్వడమే మా పని అనుకుని ఇన్నేళ్లూ జీతం తీసుకున్నాను. ఆ అజ్ఞానానికి ఇప్పుడు సిగ్గుపడాలో, రిటైరయ్యే ముందు ఎవరైనా సంజాయిషీ అడుగుతారేమోనని భయపడాలో నాకు తేలడం లేదు.

మా ఆఫీసు వెనకాల రెండు గదుల్లో ఒక పగటి కేంద్రం ఉంది. బుద్ధి ఎదుగుదల చిన్నప్పుడే నెమ్మదించినవాళ్లు పద్దెనిమిది మంది అక్కడికి వస్తారు. అందరూ ఇరవై దాటినవాళ్లే. కాగితం కవర్లు చేస్తారు, టీ పెట్టుకుంటారు, పాటలు పాడతారు, కుర్చీల కోసం కొట్టుకుంటారు, మళ్లీ కలిసిపోతారు. ఆ చివరి పని తప్ప మిగతావన్నీ మా ఆఫీసులోనూ జరుగుతాయి. వాళ్లని పొద్దున్నే ఇళ్ల దగ్గర ఎక్కించుకుని సాయంత్రం దింపడానికి ఒక వ్యాను, వ్యానులో చెయ్యి పట్టుకుని దింపడానికి సుందరమ్మ అని ఒక ఆయా. కాగితాల మీద దీని పేరు అండదండ పథకం.

ఇలా ఉండగా రాజధానిలో మా పెద్ద అధికారి ఒకాయన, ఏదో కొండ మీద చల్లటి చోట మూడు రోజుల శిక్షణ శిబిరానికి వెళ్లొచ్చారు. సాయం చేసేకొద్దీ మనిషి చేతకానివాడైపోతాడని అక్కడెవరో చెప్పారట. ఆయన కొండ దిగీ దిగగానే సర్క్యులర్ తీశారు. "ఇందుమూలముగా సమస్త జిల్లా అధికారులకు తెలియజేయునది ఏమనగా, అండయే అశక్తతకు మూలమని నిరూపితమైనందున, లబ్ధిదారులను అండ నుండి విముక్తులను గావించుటయే ఇకపై అండదండ పథకము యొక్క పరమ లక్ష్యమై యున్నది." ఈ వాక్యం నేను మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదివితే అర్థమైపోతుందేమోనని భయమేసి ఆపేశాను.

దానికి ఒక ఫారం జతచేశారు. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు మార్కులు. టీ పెట్టగలరా, గది ఊడ్వగలరా, దుప్పటి మడతపెట్టగలరా, ఇలాంటివన్నమాట. నోటిమాట చెల్లదు, చేసి చూపించాలి. అరవైగానీ ఆపైనగానీ వస్తే ఆ మనిషి స్వావలంబి. శాలువా కప్పి, సర్టిఫికెట్టు చేతిలో పెట్టి, మర్నాటి నుంచి వ్యాను ఆపెయ్యాలి. అరవైకి తగ్గితే యథాప్రకారం.

మా అసిస్టెంట్ డైరెక్టరు విశ్వమోహనరావుగారు ఈ సర్క్యులర్ చూసి పొంగిపోయారు. ఆయన చెడ్డమనిషి కాదు. లంచం ముట్టడు, ఎవర్నీ కసరడు, ఏ ఫైలూ మూడు రోజులకి మించి ఉంచుకోడు. కాకపోతే సర్క్యులర్ అంటే ఆయనకి దేవుడు గుళ్లోంచి నడిచొచ్చి బల్ల మీద కూర్చున్నట్టే. వెంటనే గంట నొక్కారు. గంగరాజు వచ్చి పెన్ను మూత తీసి చేతికిచ్చాడు. "సముచిత చర్య తక్షణమే గైకొనవలెను" అని రాసి, గంగరాజు మూత పెట్టేదాకా పెన్ను అలాగే పట్టుకుని కూర్చున్నారు. గంగరాజు మా అటెండరు. పదకొండేళ్లుగా ఆయన వెంటే ఉన్నాడు.

మొదటి పరీక్ష ప్రసన్నకి పెట్టారు. ప్రసన్నకి ఇరవై నాలుగేళ్లు. తల్లి మంగతాయారు జీడిపప్పు బట్టీలో పప్పు వొలుస్తుంది. తండ్రి లేడు. ప్రసన్న ఏడేళ్లుగా కేంద్రానికి వస్తోంది. వచ్చిన కొత్తలో గ్లాసు ఎత్తి నీళ్లు తాగడానికే భయపడేది. ఇప్పుడు పద్దెనిమిది మందికీ టీ తనే పెడుతుంది, ఎవరికి చక్కెర ఎంతో తనకే తెలుసు, నాకు తక్కువ వేసి "నీకు షుగరు" అని అందరి ముందూ చెబుతుంది.

ఆ రోజు జడ వేసుకుంది, గది ఊడ్చింది, దుప్పటి మడతపెట్టింది, కంచం కడిగింది, బటన్లు కుట్టింది. పరీక్ష అన్న సంగతి ఆ పిల్లకి తెలీదు. తనకొచ్చిన పనులన్నీ ఇంతమంది కుర్చీలేసుకుని చూస్తున్నారన్న సంబరం, అంతే. గడియారం చూడ్డం, సంతకం పెట్టడం రాలేదు. తొంభై మార్కులు. విశ్వమోహనరావుగారి కళ్లు చెమర్చాయి. శాలువా కప్పారు, ఫొటో తీయించారు, ఆ ఫొటో రాజధానికి వెళ్లి పేపర్లో కూడా పడింది. "అండను జయించిన వనిత" అని దాని కింద రాశారు.

మర్నాడు వ్యాను వాళ్లింటి ముందు ఆగకుండా వెళ్లిపోయింది. ప్రసన్న శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉందని సుందరమ్మ చెప్పింది. ఆగమని తను డ్రైవర్ని బతిమాలిందట. లిస్టులో పేరు లేని మనిషిని ఎక్కించుకుంటే తన ఉద్యోగం పోతుందని అతను బతిమాలాడట.

ఈ కబురు మిగతా పదిహేడు ఇళ్లకీ సాయంత్రానికల్లా చేరింది. తల్లిదండ్రులు తెలివితక్కువవాళ్లేం కాదు. వారం తిరక్కుండా ఇంటింటా ఒక ట్యూషను మొదలైంది, వచ్చినవన్నీ మర్చిపోవడానికి. ఒక తల్లి కొడుకు చేత మూడు రోజులు చొక్కా తిరగేసి తొడిగించింది. రోజూ కేంద్రమంతా తుడిచే కుర్రాడొకడు పరీక్షనాడు చీపురు నెత్తిన పెట్టుకుని గదిలో గుండ్రంగా తిరిగాడు, ఇంట్లో ఏం చెప్పారో గానీ చాలా ఆనందంగా తిరిగాడు. పదిహేడుకి పదిహేడు మందీ ఫెయిల్. కేంద్రంలో ఏడేళ్లుగా నేర్పుతున్న టీచరమ్మని పిలిచి, "తమ బోధనా వైఫల్యమునకు కారణములు తెలుపవలెను" అని మెమో ఇచ్చారు. ఆవిడ ఆ మెమో చదువుకుని నవ్వాపుకోలేక బయటికెళ్లిపోయింది. మిగతా పిల్లలందరికీ వ్యాను దక్కిందని ఆ రాత్రి ఆవిడకి చాలారోజుల తర్వాత నిద్రపట్టిందట.

ప్రసన్నకి మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేకపోయారు. పదో రోజున మంగతాయారు పని మానుకుని కూతుర్ని తీసుకుని ఆఫీసుకొచ్చింది. విశ్వమోహనరావుగారు మర్యాదగా కూర్చోమన్నారు. ఆవిడ కూర్చోలేదు.

"బాబుగారండీ, మా పిల్లకి అన్నీ వచ్చండి, కాదన్ను. రోడ్డు మాత్రం తెల్దండి. నవ్విన ప్రతోళ్ల ఎనకాలా ఎల్లిపోద్దండి. పోయినేడు గాజులమ్మేవోడు నవ్వాడని రెండు మైళ్లు ఎల్లిపోయింది. ఆడు మంచోడు కాబట్టి తెచ్చి దింపాడు. ఇప్పుడు నేను పన్లోకెల్తే బయట తాళం ఎయ్యాలండి. ఏత్తన్నాను. లోపల్నించి తలుపు కొట్టి, అమ్మా యానొచ్చిందా అనడుగుద్దండి. పదిరోజుల్నించీ అడుగుతానే ఉంది."

ఫారంలో ఇరవై ప్రశ్నలున్నాయి గానీ రోడ్డు లేదు, నవ్వే కొత్తమనుషులు లేరు. విశ్వమోహనరావుగారు ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. తల్లి చెప్పిన విషయమునకు నిర్దేశిత కాలమ్ లేనందున పరిగణనలోనికి తీసుకొనుట సాధ్యపడదని విచారంగా చెప్పారు. ఆయన విచారం నిజమైందే. కావాలంటే పునఃపరీక్షకి అర్జీ పెట్టుకోవచ్చన్నారు.

పెట్టుకున్నారు. అక్కడే, అప్పుడే. మంగతాయారు కూతురి చెవిలో, "ఏది అడిగినా రాదని చెప్పమ్మా" అంది. ప్రసన్న తల్లిని ఎగాదిగా చూసింది. "వచ్చు కదే" అంది. అని, అన్నీ చేసి చూపించింది, ఈసారి ఇంకా బాగా. ఆఖర్న కాగితం లాక్కుని సంతకం కూడా పెట్టింది. తాళం వేసిన ఇంట్లో పదిరోజులు కూర్చుని పాత క్యాలెండరు వెనకాల సంతకం నేర్చుకుందట. తొంభై అయిదు.

మంగతాయారు తలుపు పట్టుకుని ఏడ్చింది. కూతురు మార్కులు తెచ్చుకుంటే ఏడ్చిన తల్లిని నేను అదే చూడ్డం. ఒళ్లు మండిపోయింది నాకు. ఎవరి మీద మండాలో తెలీక, సీట్లో కూర్చుని ఆ సర్క్యులర్ మొదట్నుంచి చివరిదాకా చదివాను. మా ఆఫీసులో అంతకుముందు ఎవరూ సర్క్యులర్ చివరిదాకా చదివిన దాఖలా లేదు. మొదటి పేజీ చూసి అమలు చేసేస్తాం, చివరి పేజీలు బజ్జీల కొట్టుకి పనికొస్తాయి.

పదకొండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. "నమూనా పత్రము యొక్క ప్రామాణికతను నిర్ధారించు నిమిత్తము, పరీక్షాధికారి స్వయముగా ప్రథమమున ఇదే పరీక్షకు హాజరు కావలెను. సదరు పరీక్షను కార్యాలయములోని సీనియర్ ఉద్యోగి నిర్వహించి, మార్కులను అదే జాబితాలో నమోదు చేయవలెను." ఆ సీనియర్ ఉద్యోగిని నేనే. నాకే పాపమూ తెలీదు, రూలు అలా ఉంది. పేజీ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

విశ్వమోహనరావుగారు చదివి లేచి నిలబడ్డారు. "శేషారత్నంగారూ, ఇంత ముఖ్యమైన నిబంధన ఉల్లంఘించామా? ఇప్పుడే కానివ్వండి" అన్నారు. భయపడలేదు సరికదా, ఉత్సాహంగా చేతులు మడుచుకున్నారు. కాదు, మడుచుకోబోయారు. చొక్కా చేతులు ఎలా మడవాలో తోచక గంట నొక్కారు. గంగరాజు ఆరోజు ఇంటిల్లిపాదితో అన్నవరం వ్రతానికి వెళ్లాడు.

ముందు టీ. గిన్నెలో నీళ్లు పోశారు, టీపొడి వేశారు, పొయ్యి మీద పెట్టి ఐదు నిమిషాలు భక్తిగా చూశారు. పొయ్యి వెలిగించాలని ఆయనకి తట్టలేదు, చెప్పకూడదని నాకు రూలు. తర్వాత దుప్పటి. దాన్ని మడతపెట్టి పెట్టి చివరికి దాంట్లోంచి ఆయన్ని నేనే బయటికి తీయాల్సొచ్చింది. మీ వస్తువులు ఎక్కడెక్కడ ఉంటాయో చూపించండి అంటే, "గంగరాజుకి తెలుసు" అన్నారు. మీ భోజనం క్యారేజీ ఎక్కడండీ అంటే గంగరాజుకి తెలుసు, ఇంట్లో చేతిరుమాళ్లెవరు ఉతుకుతారండీ అంటే మా ఆవిడకి తెలుసు. జుట్టు దువ్వుకోగలరా అన్నదగ్గర ఇద్దరం కాసేపు ఆగాం. దువ్వడానికి జుట్టు లేదు. వర్తించదు అనే కాలమూ లేదు. సున్నా వేశాను.

బొత్తాలు పెట్టుకోవడం, చెప్పులేసుకోవడం, తినడం, గడియారం చూడ్డం, సంతకం. ఇరవై అయిదు మార్కులొచ్చాయి. ఆయన ఆ అంకె వంక చాలాసేపు చూశారు. "కలిపింది సరిగ్గానే కలిపారా?" అనడిగారు. రెండుసార్లు కలిపానని చెప్పాను. రూలు ప్రకారం అదే జాబితాలో, పదిహేడుమంది కింద పద్దెనిమిదో పేరుగా, కంప్యూటర్లో ఎక్కించాను.

కంప్యూటరుకి అసిస్టెంట్ డైరెక్టరని తెలీదు. మూడోనాటికి రాజధాని నుంచి మంజూరు ఉత్తర్వు వచ్చింది. సదరు విశ్వమోహనరావు అను లబ్ధిదారునకు వ్యాను సౌకర్యము, ఆయా సేవలు, పగటి కేంద్రమున స్వావలంబన శిక్షణ తక్షణమే అమలులోనికి వచ్చునని అందులో ఉంది. శిక్షణకి గైర్హాజరైతే సంబంధిత జిల్లా అధికారి మీద చర్య తీసుకుంటామని కూడా ఉంది. ఆ జిల్లా అధికారి కూడా ఆయనే.

మొదట ఆయనకి రోషమొచ్చింది. ఫారమే తప్పని రాజధానికి లేఖ రాయడానికి కూర్చున్నారు. నేను టైపు చేస్తూ, చిన్న సందేహమని చెప్పి, ఫారం తప్పైతే ప్రసన్నకిచ్చిన మార్కులూ తప్పవుతాయి కదండీ, పేపర్లో పడిన ఫొటో సంగతి పెద్దాయనకి ఎవరు చెబుతారండీ అని అడిగాను. ఆయన లేఖ చింపేశారు. ఫారం ఒప్పైతే ఆయన చేతకానివాడు, తప్పైతే పైఅధికారి తెలివితక్కువవాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఏది ఎంచుకోవాలో ఎవరికైనా తెలుసు.

ఆ ఉత్తర్వులో నింపాల్సిన కాలమ్ ఇంకొకటి మిగిలింది. ప్రతి లబ్ధిదారుడికీ ఒక సహాయకుడుగానీ సహాయకురాలుగానీ ఉండవచ్చు. ఇదే పరీక్షలో ఎనభై దాటినవారై ఉండాలి, వ్యాను తిరిగే దారిలో కాపురముండాలి, సహాయకులను వ్యానులోనే తీసుకురావాలి. జిల్లా మొత్తానికీ ఎనభై దాటింది ఒక్కరే. పేరు రాసి సంతకానికి పెట్టాను. ఆయన చదివి నా మొహంలోకి చూశారు. నేను ఫ్యాను వంక చూశాను. సంతకం పెట్టారు.

సోమవారం వ్యాను ముందు ఆఫీసర్ల క్వార్టర్స్‌కి వెళ్లింది. సుందరమ్మ చెయ్యి పట్టుకుని ఆయన్ని ఎక్కించింది, కిటికీలోంచి తల బయట పెట్టకూడదని చెప్పింది. తర్వాత ప్రసన్న ఇంటి ముందు ఆగింది. ఆ పిల్ల తయారై ఉంది, పదిహేను రోజులుగా తయారయ్యే ఉంటోంది. గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న పెద్ద తాళం చూసి ఇదెందుకని ఆయన అడిగారట. సుందరమ్మ చెప్పిందట. మంగతాయారు ఆరోజు ఆయన ముందు నిలబడి చెప్పిన మాటలే సుందరమ్మ మళ్లీ చెప్పింది, కొత్తగా ఏమీ చెప్పలేదు. కానీ తాళం చూశాక విన్నారు. దారి పొడుగునా ప్రసన్నే మాట్లాడుతూ ఉందని సుందరమ్మ అంది.

అలా మొదలైంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా మా ఏడీగారు పగటి కేంద్రంలో ఉండేవారు, ఫైళ్లు గంగరాజు అక్కడికే మోసేవాడు. ఆ వయసు మగవాళ్లందర్నీ ప్రసన్న మావయ్య అనే పిలుస్తుంది. సార్ అనాలని ఆయన మూడు రోజులు చెప్పి చూసి, నాలుగోరోజు పలికేశారు. మొదటి వారం పొయ్యి వెలిగించడం. రెండో వారం, వెలిగించిన పొయ్యి ఆర్పడం. ఆ పిల్ల విసుక్కోదు. ఏడేళ్లు తనకి ఎలా నేర్పారో అలాగే, ఒక్కో పనీ ముక్కలు చేసి, చెయ్యి మీద చెయ్యి వేసి నేర్పింది. ఆయన మొదటిసారి పెట్టిన టీ నాకూ వచ్చింది. చక్కెర ఎక్కువైందని ప్రసన్న నా గ్లాసు లాక్కుని పారబోసింది.

వానాకాలం పోయి మాఘం వచ్చేసరికి ఆయన దుప్పటి మడతపెడుతున్నారు, తన క్యారేజీ తనే తెచ్చుకుంటున్నారు, రుమాళ్లు ఉతుక్కుంటున్నారు. గంట నొక్కడం తగ్గిపోయి గంగరాజుకి దిగులు పట్టుకుంది. ఏమైనా తప్పు చేశానా అమ్మగారూ అని నన్నడిగాడు. మంగతాయారు బట్టీకి రోజూ వెళుతోంది. ఒకరోజు నాకు గుప్పెడు జీడిపప్పు కాగితంలో కట్టి ఇచ్చింది, ఆ కాగితం కూతురు చేసిన కవరే.

ఆరు నెలలకి పునఃపరీక్ష ఉంటుందని పదకొండో పేజీ కిందే రాసి ఉంది. నాకు గుర్తుంది, ఆయనకి గుర్తుందో లేదో తెలీదు. ఆ రోజు కేంద్రంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సహాయకురాలు పక్కనే ఉండాలి కనక ప్రసన్న కొత్త జడ రిబ్బన్లతో వచ్చి నిలబడింది. గురువు కదా మరి.

టీ పెట్టారు. ఊడ్చారు. మడతపెట్టారు. ఒక్కోటీ అవుతుంటే ప్రసన్న చప్పట్లు కొడుతోంది, నేను ఐదు వేస్తున్నాను. వేస్తున్నకొద్దీ నా చెయ్యి బరువెక్కుతోంది. పందొమ్మిది ప్రశ్నలయ్యాయి, జుట్టు దువ్వడం, బటన్లు కుట్టడం లాంటి ఎనిమిదింటికి మాత్రం ఇంకా సున్నాలే. ఇప్పటికెంత అని అడిగారు. యాభై అయిదని చెప్పాను. ఇంకొక్క ఐదు పడితే అరవై. ఆయన స్వావలంబి అవుతారు, శాలువా కప్పుతారు. మర్నాటి నుంచి వ్యాను ఆయన ఇంటి ముందు ఆగదు, ఆయన సహాయకురాలి ఇంటి ముందూ ఆగదు.

ఇరవయ్యో ప్రశ్న, తిన్న కంచం కడగడం. నెలరోజులుగా రోజూ మధ్యాహ్నం పంపు దగ్గర ప్రసన్న పక్కన గొంతుక్కూర్చుని ఆయన కంచం కడుక్కోవడం నా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నా కంచం కన్నా శుభ్రంగా కడుగుతారు. కంచం ఆయన చేతికిచ్చాను. నోటిమాట చెల్లదు.

ఆయన పంపు దాకా వెళ్లారు. పీచు తీసుకున్నారు. "కడుగు మావయ్యా, నీకొచ్చు" అంది ప్రసన్న, నడుం మీద చేతులేసుకుని. ఆయన ఆ పిల్ల వంక చూశారు. గేటు దగ్గర వ్యానులో సుందరమ్మ సీట్లు దులుపుతోంది, అటూ చూశారు. తర్వాత కంచం నెమ్మదిగా కింద పెట్టారు.

"రాదమ్మా" అన్నారు. "శేషారత్నంగారూ, రాదని రాయండి."

ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన రాయించిన మొదటి అబద్ధం అదే అయి ఉంటుంది. నేను సున్నా వేశాను, ఎప్పుడూ వెయ్యనంత గుండ్రంగా వేశాను. ప్రసన్న మొహం వాడిపోయింది. ఇంత నేర్పినా రాకపోయె అన్నట్టు కాసేపు ఆయన వంక జాలిగా చూసింది. తర్వాత దగ్గరికెళ్లి తడిచెయ్యి ఆయన భుజం మీద వేసింది.

"ఏం పర్లేదులే మావయ్యా" అంది. "రేపొస్తాగా, మళ్లీ నేర్పుతాను."